ఆ అరగంట ఎవరిది?

కిందటి నెల మా చందానగర్‌లో ఒకరింట్లో స్త్రీల కూడిక జరిగింది. హాల్లో సోఫాలు గోడవారకు జరిపి, జంపఖానాలు పరిచి, పాతికమందిమి సర్దుకు కూర్చున్నాం. ప్రసంగానికి వేరే ఊరినుంచి ఒక యువకుడు వచ్చాడు. చక్కని గొంతు, మడత నలగని చొక్కా. అనుదిన ధ్యానం వల్ల కలిగే మనశ్శాంతి అన్నది విషయం. బాగానే చెప్పాడు. మధ్యలో మావైపు జాలిగా చూసి, "అక్కయ్యలూ, అమ్మలూ! మీకు తీరిక ఉండదని నాకు తెలుసు. అయితే ఏం? కూరగాయలు తరుగుతూ ప్రార్థించండి. గిన్నెలు తోముతూ స్తుతించండి. మీ వంటిల్లే మీకు దేవాలయం" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాననే అనుకుంటాను. అలవాటు!

తర్వాత తన సాక్ష్యం చెప్పుకొచ్చాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గది తలుపు వేసుకుని, రెండు గంటలు ఏకాంతంగా ప్రభువు సన్నిధిలో గడుపుతాడట. ఆ రెండు గంటలే తన బలమట. ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలున్నారని అంతకుముందే చెప్పి ఉన్నాడు.

నా నోరు ఊరుకోదు గదా. "బాబూ, ఆ రెండు గంటల్లో పిల్లలు ఏడిస్తే ఎవరెత్తుకుంటారు?" అని అడిగేశాను.

కొందరు నవ్వారు. ఆ అబ్బాయీ నవ్వాడు, పాపం. "మా ఇంటావిడ" అన్నాడు.

"మరి ఆవిడ ధ్యానం ఎప్పుడు?"

"ఆమె పని చేసుకుంటూనే..." అని ఆగిపోయాడు. ఇంతలో ఆ ఇంటి ఇల్లాలు టీ కప్పులతో వచ్చి అతన్ని గట్టెక్కించింది. ఆవిడ ప్రసంగం ఒక్క ముక్క కూడా వినలేదని అప్పుడు గమనించాను. మొదటినుంచీ వంటింట్లోనే ఉంది, పాతికమందికి టీ, పకోడీలు చేస్తూ.

దారిలో ఒకావిడ నన్ను మెత్తగా మందలించింది. "దైవజనుణ్ణి అలా నలుగురిలో అడగొచ్చా అమ్మా?" అని. అడగొచ్చునో లేదో గాని, అడిగిన ప్రశ్న మాత్రం నాతో ఇంటిదాకా వచ్చింది. అతన్ని అనడం దేనికి, మా ఇంట్లో సంగతేమిటి?

మా ఇల్లు హైవేకీ రైలుపట్టాలకీ మధ్య ఒక సందులో మూడో అంతస్తు. ఒకప్పుడు ఊరికి దూరమనుకున్న చందానగర్ ఇప్పుడు ఊరి నడిబొడ్డు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ లేచాయి, 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళొచ్చాయి, 2017లో పక్కనే మియాపూర్ నుంచి మెట్రో బయల్దేరింది. దాంతో మాకు నిశ్శబ్దమన్నది లేకుండా పోయింది. తెల్లవారకముందే లారీల హారన్లు, తొలిరైలు కూత, ఒక పక్కనుంచి గుడి మైకు, ఇంకోపక్కనుంచి అజా, కింద బోరు మోటారు. ఇంత రొదలోనూ మావారు రోజూ అయిదున్నరకు హాల్లో కుర్చీ వేసుకుని, బైబిలూ, 'ఎడారిలో సెలయేర్లు' పుస్తకమూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఆ అరగంట ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. "ష్! డాడీ ప్రార్థనలో ఉన్నారు" అని పిల్లల్ని కసిరేది నేనే. ఆయన ఆమెన్ అనేసరికి కాఫీ పొగలు కక్కుతూ పక్కనుంటుంది. కళ్ళు తెరిచి, ఎంతో ప్రశాంతంగా, "ఎంత హాయిగా ఉందోయ్! నువ్వు కూడా రోజూ ఒక పావుగంట కూర్చోరాదూ?" అంటారు.

కూర్చోరాదూ!

ఆయన చదివే ఆ పుస్తకం సంగతొకటి చెప్పాలి. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో బైబిలు తర్వాత అట్ట చినిగిపోయేంతగా వాడే పుస్తకం అదే. దాన్ని ఇంగ్లీషులో కూర్చింది లెట్టీ కౌమన్ అనే ఆవిడ. భార్యాభర్తలు జపానులో మిషనరీలుగా ఉండేవారు. భర్త జబ్బుపడితే ఆరేళ్ళు మంచం పక్కన కూర్చుని సేవ చేసింది. ఆ రోజుల్లో తనను నిలబెట్టిన మాటల్ని ఏరుకుని పెట్టుకుంది. 1924లో ఆయన పోయారు, 1925లో పుస్తకం వచ్చింది. రోగిమంచం దగ్గర రాత్రిళ్ళు మేలుకున్న ఒక ఇల్లాలు పోగుచేసిన శాంతి అది. ఈనాడు మగవాళ్ళు కాఫీ పక్కన పెట్టుకుని చదువుతున్నారు! చదవొద్దని కాదు నేననేది. మావారు చదవాలి. చదివితేనే ఆ రోజు ఆఫీసులో ఎవరిమీదా విసుక్కోరు, నామీద కూడా.

నేను ప్రార్థన చెయ్యని దాన్ననుకునేరు. చేస్తాను. కుక్కరు మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య చేస్తాను. "ప్రభువా, ఈ దినమున" అంటుండగానే "అమ్మా, నా సాక్సు!" అంటారు. "నీ చిత్తమే" అనేలోపు "కోడలా, మాత్ర వేసుకోవాలి, నీళ్ళు" అంటారు మా అత్తగారు. ఒక వారం లెక్కపెట్టాను, నవలా రచయిత్రిని కదా, ఇలాంటి పనికిమాలిన లెక్కలు నాకిష్టం. ఏడు రోజుల్లో పొద్దుటిపూట నలభై మూడుసార్లు పిలిచారు. దేవుడు పిలిచాడేమో, ఆ సందట్లో నాకు వినిపించలేదు.

పనిలో ప్రార్థన ఉండదని నేననను. అలా అంటే మా నాయనమ్మ సమాధిలోంచి లేచొస్తుంది. మాది మెదక్ దగ్గర పల్లె. మెతుకు అన్న మాటే మెదక్ అయిందంటారు. వానలు లేక, యుద్ధకాలపు ధరలతో మెతుకు కరువైన రోజుల్లో పోస్నెట్ దొరగారు అక్కడ పెద్ద చర్చి పని పెట్టారు. ఛార్లెస్ వాకర్ పోస్నెట్, వెస్లియన్ మిషనరీ. 1914 నుంచి పదేళ్ళు సాగిన పని. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. పనిచేసినవాళ్ళకు తిండిగింజలు దొరికాయి. రాళ్ళు మోసినవాళ్ళలో మా తాతమ్మ ఒకతె అని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తాతమ్మ కూతురు మా నాయనమ్మ. కలుపు తీస్తూ కీర్తన పాడేది, జొన్నలు విసురుతూ పాడేది. చదువు రాదు, కీర్తనలన్నీ నోటికే.

కాని నేను మరచిపోయిన సంగతొకటి ఆ రాత్రి గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు చూసేదాన్ని. పొద్దు కుంకాక పల్లె గుళ్ళో గంట కొట్టేవారు. గంట వినగానే నాయనమ్మ చేతిలో ఉన్నది ఉన్నట్టు కింద పెట్టేసేది. పొయ్యిలో కట్టె వెనక్కి లాగేది. కాళ్ళు కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, బయల్దేరేది. తాతా వచ్చేవాడు, ఎంత అలిసిపోయినా సరే. అందరూ వచ్చేవాళ్ళు. పాట, వాక్యం, ప్రార్థన, అంతా కలిపి అరగంట, ముప్పావుగంట. ఆకలేస్తోందని నేను కొంగు లాగితే, "ఆమెన్ అయినంక అన్నం" అనేది. తాతకూ అదే మాట. ఒకసారి ఇంకా గట్టిగా ఏడిస్తే నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది: "గీ కాసేపు నేను ఎవ్వరి మనిషిని గాను బిడ్డా, దేవుని మనిషిని."

చూడండి, పొద్దంతా కూలికి పోయి, పొయ్యిమీద ఏమున్నదో లేదో అన్న ఇంట్లో ఉన్న ఆ నిరక్షరాస్యురాలికి రోజుకొక అరగంట ఉండేది. బి.ఏ. చదివి, గ్యాసు స్టవ్వూ, మిక్సీ, వాషింగ్ మెషీనూ ఉన్న నాకు లేదు! యంత్రాలు మిగిల్చిన కాలమంతా ఎక్కడికి పోయిందంటారు? నాకు అరగంట లేకపోవడానికి కారణం పని ఎక్కువై కాదు. నాయనమ్మకు నాకంటే రెట్టింపు పని. ఆవిడ అరగంటను ఊరు ఊరంతా ఒప్పుకుంది, గంట కొట్టి మరీ ఒప్పుకుంది. నా అరగంటను నా ఇంట్లో వాళ్ళు ఒప్పుకోలేదు. అసలు నేనెప్పుడైనా అడిగానా అన్నది వేరే సంగతి. దానికి తర్వాత వస్తాను.

వంటిల్లే దేవాలయమని చెప్పేవాళ్ళు తరచు బ్రదర్ లారెన్స్ పేరు ఎత్తుతారు. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠంలో వంటవాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా మోకాళ్ళమీద ఉన్నంత శాంతిగా దేవుడితో ఉండేవాడట. నిజమే, మహానుభావుడు. కాని ఆయన ఉన్నది కార్మెల్ మఠం. అక్కడ పొద్దునా సాయంత్రం మౌనధ్యానానికి వేళలున్నాయి, గంటలున్నాయి. మఠం మొత్తం ఒకేసారి నోరు మూసుకునే ఇల్లు అది. అలాంటి ఇంట్లో నిండిన మనస్సును ఆయన వంటింట్లోకి పట్టుకెళ్ళాడు. మాకు నింపుకునే చోటు చూపించకుండా ఒంపమంటే ఎక్కడినుంచి ఒంపుతాం?

నేను చదివింది చరిత్ర కాబట్టి ఇంకొకావిణ్ణి గుర్తు చేస్తాను. పోస్నెట్ దొర వెస్లియన్ మిషనువాడు అన్నాను గదా. ఆ వెస్లీ ఎవరంటే, మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ. ఆయన తల్లి సుసన్నా వెస్లీ. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊరు, ఫాదరీ గారి భార్య. పందొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, దాదాపు సగం మందే బతికారు. ఇల్లు తగలబడింది, అప్పులకు భర్త జైలుకెళ్ళాడు. అంత సంసారంలో ఆవిడకు ఏకాంతం కావాలంటే, వంటపనికి కట్టుకునే ఏప్రను ఎత్తి తలమీద కప్పుకునేదని చెబుతారు. ఆ గుడ్డ తలమీద ఉన్నంతసేపూ ఏ పిల్లా పలకరించకూడదు. ఈ కథ మా చర్చిల్లో అందరికీ తెలుసు. "చూశారా, గుడ్డకింద కూడా ప్రార్థించుకోవచ్చు" అని చెప్పి ముగిస్తారు. నాకు మాత్రం గుడ్డకంటే ఆ పిల్లలమీదే ఆశ్చర్యం. వాళ్ళు పలకరించలేదు! ఆ గుడ్డకు అర్థం ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆవిడ సంగతి ఇంకోటి కూడా ఉంది, దాన్ని ప్రసంగాల్లో చెప్పగా నేను వినలేదు. 1711 చలికాలంలో భర్త పనిమీద లండనులో ఉండిపోయాడు. ఆదివారం సాయంత్రాలు ఆవిడ ఇంట్లో పిల్లల్నీ పనివాళ్ళనీ కూర్చోబెట్టుకుని ప్రార్థన నడిపింది. ఇరుగుపొరుగులు వచ్చి కూర్చున్నారు. క్రమంగా రెండువందల మంది దాటారు. చర్చిలో సహాయకుడికి కంటగింపై లండనుకు ఉత్తరం రాశాడు. ఆడది ప్రార్థన నడపడమేమిటి, మానెయ్యమని భర్త జాబు. ఆవిడ ఏమని జవాబిచ్చిందో తెలుసా? మీ కోరిక ఇదీ అని చెబితే చాలదు, స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి, రేపు దేవుడు అడిగితే నేను చూపించుకోవాలి అని రాసింది. ఆ ఆజ్ఞ రాలేదు. మనశ్శాంతి అంటే నోరెత్తకపోవడం అనుకునేవాళ్ళు ఈ ఉత్తరం ఒకసారి చదవాలి. అంత గొడవ చేసిన ఇల్లాలు చాలా ప్రశాంతమైన మనిషి అని చెబుతారు మరి.

ఇక మార్త మరియల కథ. ఇది చెప్పకుండా ఏ స్త్రీల కూడికా ముగియదు. బేతనియలో ఇంటికొచ్చిన ప్రభువు పాదాల దగ్గర మరియ కూర్చుంటుంది. మార్త వంటపనిలో తలమునకలై, చెల్లెల్ని సాయానికి పంపమని అడుగుతుంది. మార్త చాలా విషయాలను గురించి తొందరపడుతోందని ప్రభువు అంటాడు. దాన్ని పట్టుకుని వెయ్యేళ్ళుగా మార్తను దులిపేస్తున్నారు. దులిపేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఎవరింటికి భోజనానికి వెళ్తారు? మార్త ఇంటికే! మరియ ఇంట్లో పొయ్యి వెలగదు గదా! ఆయన మాటను సరిగ్గా విన్నవాళ్ళు చెయ్యవలసిన పని, మార్త చేతిలో గరిటె తీసుకోవడం. లాజరు ఆ ఇంట్లోనే ఉన్నాడు కాబోలు, అతన్ని ఎవరూ ఒక్క మాట అనరేం? ఇంకో సంగతి, తర్వాత అదే మార్త ఊరి బయటిదాకా ఎదురెళ్ళి, ప్రభువును క్రీస్తు అని పేతురులాగా ఒప్పుకుంటుంది. యోహాను సువార్త పదకొండో అధ్యాయం. ఆ మార్తమీద ప్రసంగాలు అరుదు.

ప్రభువు కూడా ఏకాంతానికి ఇల్లు విడిచి పోయినవాడే. మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది, చీకటితోనే లేచి ఎవరూ లేని చోటికి వెళ్ళాడు. అక్కడికీ సీమోను వాళ్ళూ వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆయనకూ సాక్సు అడిగేవాళ్ళు తప్పలేదు. కాని ఆయన వెళ్ళగలిగాడు. మనం వెళ్ళాలంటే ముందు పాలు కాచి వెళ్ళాలి.

ఇదేదో మా క్రైస్తవుల ఇంటి గొడవ అనుకోకండి సోదరీమణులారా. మీ దేవుడి గది మాటేమిటి? కుందులు తోమేదెవరు, ఒత్తులు చేసేదెవరు, పూలు కోసేదెవరు, మహానైవేద్యం వండేదెవరు? పట్టుపంచె కట్టుకుని పీటమీద కూర్చునేదెవరు? మా కిందింటావిడ, నిష్ఠగల మనిషి, నాతో ఒకరోజు మెట్లమీద అంది: "పూజకు అన్నీ అమరుస్తానండీ, పూజ మాత్రం నాకు దొరకదు" అని. పై అంతస్తులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే అమ్మాయి ఉంది, గచ్చిబౌలి ఆఫీసు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని క్యాబ్‌లో వాక్యం వింటుందట. "ట్రాఫిక్ జామ్ అయితే బాగుండుననిపిస్తుంది ఆంటీ, ఇంటికెళ్తే ఇక నన్ను నాకు వదలరు" అంది. దాని ప్రార్థనగది హైవేమీద ఉంది.

ఇదంతా ఆలోచించి, ఒక రాత్రి భోజనాలయ్యాక నేను అడిగాను. ఇన్నేళ్ళలో నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. "రేపటినుంచి అయిదున్నరకు నేను లోపలిగదిలో తలుపు వేసుకుంటాను. ఆరింటిదాకా నన్నెవరూ పిలవద్దు. మీరు ఆరింటికి కూర్చోండి" అన్నాను. మావారు దేనికైనా కోపమొచ్చిందా అని అడిగారు. పిల్లలు ఫోన్లలోంచి తలెత్తారు. నేను భయపడింది అత్తగారి గురించి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నలభై ఏళ్ళు నేను అడగలేదు. అడగొచ్చని తెలీదు" అని మాత్రం అని, లేచి వెళ్ళి పడుకున్నారు. అది ఒప్పుకోలో, నిష్ఠూరమో ఈనాటికీ నాకు తెలియదు.

మొదటిరోజు తలుపు వేసుకుని మోకరించాను. అయిదు నిమిషాలపాటు పప్పులూ ఉప్పులూ జాబితా తప్ప ఏమీ రాలేదు. రెండోరోజు తలుపు దగ్గర గుసగుసగా, "పిలవడం లేదు గాని, రవ్వ డబ్బా ఎక్కడ?" అని వినిపించింది. మూడోరోజు పక్కింటి మోటారు. ప్రశాంతి ఎక్కడా కనిపించలేదు. ఇంత రభస చేసి తెచ్చుకున్న అరగంటలో కునుకు పట్టిందని కూడా ఒప్పుకోవాలి, ఒకరోజు.

తొమ్మిదోరోజునో పదోరోజునో, బైబిలు తెరవకముందే ఏడుపొచ్చింది. మా అమ్మ 2021 మే నెలలో పోయింది, కరోనాలో. ఆస్పత్రిలోంచి తిన్నగా సమాధుల తోటకి తీసుకెళ్ళారు. నలుగురమే ఉన్నాం. పాట కూడా పాడలేదు. ఇంటికొచ్చాక నాకూ జ్వరం, పిల్లలకూ జ్వరం, ఆ తర్వాత ఆన్‌లైన్ బడులు, ఆ తర్వాత వాయిదాపడ్డ నవల. అమ్మకోసం నేను ఏడవనే లేదని ఆ గదిలో నేలమీద కూర్చున్నాక తెలిసింది. ఉల్లిపాయలు తరుగుతూ ప్రార్థించమన్నాడు గదా ఆ అబ్బాయి. ఉల్లిపాయల దగ్గర ఎన్నిసార్లు ఏడ్చినా అది ఏడుపని నాకే తెలియలేదు. ఆ రోజు అమ్మకు ఇష్టమైన కీర్తన, సమాధి దగ్గర పాడనిది, మొత్తం పాడుకున్నాను, సన్నగా. తలుపవతల అంతా వింటున్నారని తెలుసు. ఎవరూ పిలవలేదు.

అప్పటినుంచీ నేను దేవదూతనైపోయాననుకోకండి. నిన్న కూడా పిల్లాడి మార్కులు చూసి కేకలేశాను. కాని కోపం వచ్చే ముందు ఒక్క క్షణం అది వస్తున్నట్టు తెలుస్తోంది, అంతకుముందు తెలిసేది కాదు. అర్ధరాత్రి మెలకువొస్తే రేపటి టిఫిను గురించి కాకుండా ఇంకో సంగతి ఆలోచించగలుగుతున్నాను. ఆ కూడికలో చెప్పిన మనశ్శాంతి ఇదే అయితే, అతను చెప్పింది అబద్ధం కాదు. అది తనకెలా దొరుకుతోందో మాత్రం చెప్పలేదు, బహుశా అతనికీ తెలియదు. మొన్న ఫోన్ నంబరు సంపాదించి అతని భార్యతో మాట్లాడాను. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

పునరుత్థానం తర్వాత ప్రభువు తిబెరియ సరస్సు ఒడ్డున ఏం చేశాడో గుర్తుందా? రాత్రంతా వల వేసి అలిసిన శిష్యులకోసం బొగ్గులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధంచేసి, వచ్చి తినండి అన్నాడు. ఆ పొద్దుటి వంట ఆయనది. మావారికి ఈ అధ్యాయం చదివి వినిపించాను. బాగా ఆలోచించి, "చేపలు నావల్ల కాదు, ఉప్మా చేస్తాను" అన్నారు. చేస్తున్నారు కూడా, నేను లోపల ఉన్న అరగంటలో.

ఇప్పుడు ఇది రాస్తుంటే వెనకనుంచి చదివి, "ఇదంతా పత్రికలో వేస్తావా?" అని అడిగారు. వేస్తానన్నాను. "అయితే ఉప్మా మాడింది ఒక్కసారేనని కూడా రాయి" అన్నారు. రాశాను. రెండుసార్లు.